తోడుదొంగలు కాని రెండు రిఫరెన్సులు: క్రాస్-కోరిలేషన్ ఫేజ్ నాయిస్ కొలతకు ఆసిలేటర్లు ఎంచుకోవడం ఎలా

ఆసిలేటర్ అంటే ఒకే ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ని పుట్టించే సర్క్యూట్, దాని ఫేజ్‌లో ఉండే సన్నటి వణుకే ఫేజ్ నాయిస్. దాన్ని పోల్చి కొలవడానికి పక్కన పెట్టుకునే ఇంకో ఆసిలేటరే రిఫరెన్స్. రెండు రిఫరెన్సులతో విడివిడిగా కొలిచి, రెండిట్లోనూ ఉమ్మడిగా ఉన్నదాన్నే నిలుపుకునే పద్ధతి క్రాస్-కోరిలేషన్. క్రాస్-కోరిలేషన్ చేస్తున్నాం కదా, రిఫరెన్స్ ఏదైతే ఏంటి, మిగతాది యావరేజింగే చూసుకుంటుంది అనే మాట మీరూ వినే ఉంటారు. అందులో సగం నిజం ఉంది, చిక్కంతా ఆ సగంతోనే. దాన్ని నమ్మి ఒకప్పుడు నేను డేటాషీట్లో −176 డీబీసీ పర్ హెర్ట్జ్ (అసలు సిగ్నల్ కంటే నాయిస్ ఎంత కింద ఉందో చెప్పే కొలత, ఎంత కిందికి ఉంటే అంత మంచిది) అన్న అంకె చూసి మురిసిపోయి రెండు ఆసిలేటర్లు తెచ్చుకున్నాను. ఆ −176 ఉన్నది 100 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ దగ్గర, అంటే అసలు ఫ్రీక్వెన్సీకి అంత దూరంలో. నాకు కావల్సింది 1 హెర్ట్జ్ దగ్గర, ఆ గడి ఖాళీ. ఖాళీ గడి అంటే ‘చెప్పుకునేంత బాగా లేదు’ అని అర్థమని డబ్బు కట్టాక తెలిసింది.

ముందు మనం చేసే పనేంటో రెండు ముక్కల్లో. కొలవాల్సిన ఆసిలేటర్ (ఇకనుంచి డీయూటీ అంటాను) సిగ్నల్‌ని స్ప్లిటర్‌తో రెండుగా చీలుస్తాం, ఒక్కో పాయనీ ఒక్కో మిక్సర్లో ఒక్కో రిఫరెన్స్‌తో 90 డిగ్రీల తేడా మీద కలుపుతాం, మిక్సర్ నుంచి బయటికొచ్చే చిన్న వోల్టేజే ఫేజ్ తేడా. మొదటి చానెల్లో డీయూటీ నాయిస్‌తో పాటు మొదటి రిఫరెన్స్ నాయిస్ ఉంటుంది, రెండో చానెల్లో డీయూటీతో పాటు రెండో రిఫరెన్స్‌ది. ఈ రెండు చానెళ్ల క్రాస్-స్పెక్ట్రమ్ (రెండిటినీ ఫ్రీక్వెన్సీ వారీగా గుణించి చూసేది) తీసి మళ్లీ మళ్లీ యావరేజ్ చేస్తే రెండిట్లోనూ ఉన్నది నిలుస్తుంది, ఒక్కదాంట్లోనే ఉన్నది అరిగిపోతుంది. ఇద్దరు సాక్షుల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి అడిగినట్టన్నమాట. ఇద్దరూ ముందే కూడబలుక్కుని వస్తే ఎన్నిసార్లు అడిగినా అదే అబద్ధం చెప్తారు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

అరగడానికి ఎంత సేపు పడుతుంది అనేదే రిఫరెన్స్ ఎంపికలో అసలు లెక్క. యావరేజ్‌ల సంఖ్యకి లాగ్ తీసి 5తో గుణిస్తే అన్ని డీబీ దిగుతుంది. 100కి 10 డీబీ, 10,000కి 20 డీబీ, పది లక్షలకి 30 డీబీ. అంటే ప్రతి 5 డీబీకీ పదిరెట్లు టైమ్. ఆ టైమ్ కూడా అన్ని ఆఫ్‌సెట్ల దగ్గరా ఒకటి కాదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర రిజల్యూషన్ 1 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే ఒక్కో యావరేజ్‌కి 1 మిల్లీసెకను చాలు, పది లక్షలు చేసినా 17 నిమిషాల్లో అయిపోతుంది. అదే 1 హెర్ట్జ్ దగ్గర రిజల్యూషన్ 0.1 హెర్ట్జ్ కావాలి, ఒక్కో యావరేజ్‌కి 10 సెకన్లు, 10,000 చెయ్యాలంటే దాదాపు 28 గంటలు. ఆ 28 గంటల్లో ఏసీ ఎన్నిసార్లు ఆన్ అవుతుందో, కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకే తెలుసు.

కాగితం మీద వేసి చూద్దాం. డీయూటీ ఒక మంచి 10 మెగాహెర్ట్జ్ ఓసీఎక్స్‌ఓ, అంటే ఓవెన్‌లో స్థిరమైన వేడిలో ఉంచే క్రిస్టల్ ఆసిలేటర్, 1 హెర్ట్జ్ దగ్గర −115 డీబీసీ పర్ హెర్ట్జ్, ఫ్లోర్ (దూరపు ఆఫ్‌సెట్లలో నాయిస్ ఇక దిగకుండా ఆగే మట్టం) −172 ఉంటుందని అనుకుందాం. రిఫరెన్స్ మిగులు నాయిస్ డీయూటీ కంటే 10 డీబీ కిందికి దిగితే మిగిలే తప్పు 0.4 డీబీ, అది చాలు. ఎన్ని యావరేజ్‌లు కావాలో తెలియాలంటే రిఫరెన్స్ డీయూటీ కంటే ఎన్ని డీబీ పైన ఉందో దానికి 10 కలిపి, 5తో భాగించి, వచ్చినదాన్ని 10కి ఘాతంగా వెయ్యడమే. ఇప్పుడు 1 హెర్ట్జ్ దగ్గర −100, ఫ్లోర్ −160 ఉన్న పాత రకం ఓసీఎక్స్‌ఓల జత తీసుకున్నారనుకోండి. ఫ్లోర్ దగ్గర 12 డీబీ పైన ఉంది, మొత్తం 22 డీబీ దించాలి, 25,000 యావరేజ్‌లు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర అది 25 సెకన్ల పని. టీ కూడా చల్లారదు. అదే జతతో 1 హెర్ట్జ్ దగ్గర 15 డీబీ పైన ఉంది, 25 డీబీ దించాలి, లక్ష యావరేజ్‌లు, ఒక్కోటి 10 సెకన్లు: పదకొండున్నర రోజులు! ఈసారి 1 హెర్ట్జ్ దగ్గర −118 ఉన్న జత తీసుకోండి, దాని ఫ్లోర్ మరీ గొప్పగా లేకపోయినా సరే. 7 డీబీ దించితే చాలు, 25 యావరేజ్‌లు, నాలుగు నిమిషాల పైచిలుకు.

పదకొండు రోజులకీ నాలుగు నిమిషాలకీ మధ్య ఉన్నది 18 డీబీ తేడా మాత్రమే. అందుకే డేటాషీట్ తెరవగానే కుడిపక్క ఫ్లోర్ అంకె వైపు చూడకండి, ఎడమ చివర చూడండి. 1 హెర్ట్జ్, 10 హెర్ట్జ్ దగ్గర ఏముందో అక్కడే డబ్బు పెట్టాలి. దూరపు ఆఫ్‌సెట్లలో లోటు ఉంటే యావరేజింగ్ పూడుస్తుంది, దగ్గరి ఆఫ్‌సెట్లలో లోటుని పూడ్చడానికి మీ ఆయుష్షు ఖర్చవుతుంది. ‘టిపికల్’ అంకెకీ ‘మ్యాగ్జిమమ్’ అంకెకీ కూడా ఒక్కోసారి 5 నుంచి 10 డీబీ తేడా ఉంటుంది, అంటే టైమ్‌లో పది నుంచి వంద రెట్లు. అమ్మేవాళ్లని మీకు పంపబోయే ఆ యూనిట్ సీరియల్ నంబర్‌తోనే టెస్ట్ డేటా ఇమ్మని అడగండి. మంచి ఓసీఎక్స్‌ఓలు చేసేవాళ్లు అడిగితే ఇస్తారు, కొందరు కొంత ఎక్కువ తీసుకుని ఏరి ఇస్తారు.

అయితే ఇదంతా మీ డీయూటీ ఏంటో తెలిశాకే. కొలిచేది మామూలు టీసీఎక్స్‌ఓ (ఓవెన్ లేకుండా, ఉష్ణోగ్రత ప్రభావాన్ని సర్క్యూట్‌తో సరిచేసే క్రిస్టల్ ఆసిలేటర్) అయితే దాని నాయిస్ ఎలాగూ ఎక్కువే, దానికి అత్యుత్తమ ఓసీఎక్స్‌ఓలు దండగ, పైగా అవి పనికే రాకపోవచ్చు కూడా. ఎందుకంటే అనలాగ్ పద్ధతిలో రిఫరెన్స్ సరిగ్గా డీయూటీ ఫ్రీక్వెన్సీకి వచ్చి లాక్ అవ్వాలి. ఓసీఎక్స్‌ఓ ట్యూనింగ్ (వోల్టేజ్‌తో ఫ్రీక్వెన్సీని అటూఇటూ జరపగలిగే హద్దు) సాధారణంగా ±0.5 పీపీఎమ్ (పది లక్షల్లో వంతులు) లాంటిది, 10 మెగాహెర్ట్జ్ దగ్గర అది ±5 హెర్ట్జ్. మీ టీసీఎక్స్‌ఓ 2 పీపీఎమ్ పక్కకి ఉంటే 20 హెర్ట్జ్ దూరంలో కూర్చుని ఉంటుంది, ఓసీఎక్స్‌ఓ ఎంత సాగినా అందదు. ఆర్డర్ పెట్టేముందు డీయూటీ ఎంత పక్కకి ఉండొచ్చో, రిఫరెన్స్ ఎంత సాగుతుందో రెండూ హెర్ట్జ్‌లలోకి మార్చి పక్కపక్కన రాసుకోండి. పీపీఎమ్, పీపీబీల్లో చూస్తే కళ్లు మోసపోతాయి.

మరి ఎక్కువ సాగేదాన్ని తీసుకుంటే సరిపోదా అంటే, అక్కడ ఇంకో లెక్క ఉంది. ట్యూనింగ్ పిన్ మీద పడే ప్రతి మైక్రోవోల్టూ ఫేజ్ నాయిస్ అవుతుంది. వోల్టుకి 1 హెర్ట్జ్ కదిలే ఆసిలేటర్ పిన్ మీద 1 హెర్ట్జ్ దగ్గర రూట్ హెర్ట్జ్‌కి 1 మైక్రోవోల్ట్ నాయిస్ ఉంటే అది ఒక్కటే −123 తెచ్చిపెడుతుంది. అదే నాయిస్ వోల్టుకి 10 హెర్ట్జ్ కదిలేదాని మీద పడితే −103. లక్షలు పోసి −118 ఆసిలేటర్ కొని ట్యూనింగ్ పిన్‌కి చవకబారు ఆప్-యాంప్ తగిలిస్తే ఏమవుతుందో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. డీయూటీని లాక్‌లో ఉంచడానికి ఎంత అవసరమో అంతే సాగే రిఫరెన్స్ తీసుకోండి, ఆ పైన పెంచకండి. లూప్ (రిఫరెన్స్‌ని డీయూటీకి లాక్ చేసి ఉంచే సర్క్యూట్) బ్యాండ్‌విడ్త్ లోపల రిఫరెన్స్ డీయూటీ వెంట పరిగెడుతుంది కాబట్టి అక్కడ నాయిస్ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుందనీ, దాన్ని సాఫ్ట్‌వేర్లో సరిచెయ్యాలనీ మర్చిపోవద్దు. 1 హెర్ట్జ్ దగ్గర నమ్మకంగా కొలవాలంటే లూప్ అంతకంటే బాగా ఇరుకుగా ఉండాలి, ఇరుకు లూప్ నిలవాలంటే రెండు ఆసిలేటర్లూ నిలకడగా ఉండాలి.

ఫ్రీక్వెన్సీ పెరిగితే ఎంపిక మారుతుంది. 10 మెగాహెర్ట్జ్‌ని పదిరెట్లు గుణించి 100 మెగాహెర్ట్జ్ చేస్తే నాయిస్ 20 డీబీ పెరుగుతుంది, గుణించే సర్క్యూట్ సొంతంగా ఏమీ కలపకపోయినా సరే. −118 కాస్తా −98 అవుతుంది, −175 ఫ్లోర్ −155 అవుతుంది. నేరుగా 100 మెగాహెర్ట్జ్ దగ్గరే పనిచేసే మంచి ఓసీఎక్స్‌ఓ ఫ్లోర్ −175 కంటే కిందికి ఉంటుంది, కానీ 1 హెర్ట్జ్ దగ్గర గుణించిన 10 మెగాహెర్ట్జ్ అంత బాగుండదు. అందుకే 100 మెగాహెర్ట్జ్ ఓసీఎక్స్‌ఓని 10 మెగాహెర్ట్జ్ ఓసీఎక్స్‌ఓకి కొన్ని పదుల హెర్ట్జ్ లూప్‌తో కట్టిపడేస్తారు, దగ్గర దాని మంచితనం, దూరాన దీని మంచితనం.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. రెండు 100 మెగాహెర్ట్జ్ రిఫరెన్సులకీ ఒకే 10 మెగాహెర్ట్జ్‌ని పంచిపెడతారు, ల్యాబ్‌లో గోడకి ‘హౌస్ స్టాండర్డ్’ అని ల్యాబ్ మొత్తానికీ ఒకే ఫ్రీక్వెన్సీ పంచే ఒక బీఎన్‌సీ సాకెట్ ఉంటుంది కదా, అదే. ఆ క్షణం నుంచి ఆ లూప్ బ్యాండ్‌విడ్త్ లోపల మీకు ఉన్నవి రెండు రిఫరెన్సులు కాదు, ఒక్కటే. పది లక్షల యావరేజ్‌లు చేసినా ఆ 10 మెగాహెర్ట్జ్ నాయిస్ అంగుళం కదలదు, పైగా ట్రేస్ నున్నగా, స్థిరంగా, చూడ్డానికి ఎంతో నమ్మకంగా ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో 10 మెగాహెర్ట్జ్ పెట్టండి, లేదా అసలు దేనికీ కట్టకుండా వదిలెయ్యండి. ఫ్రీక్వెన్సీ ఖచ్చితంగా ఎంత అనేది ఫేజ్ నాయిస్ కొలతకి పెద్దగా అక్కర్లేదు.

డిజిటల్ పద్ధతిలో కొలిచే పెట్టెల్లో కూడా ఇదే ఉచ్చు వేరే రూపంలో ఉంటుంది. ఏడీసీలతో (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్‌లతో) నేరుగా శాంపిల్ చేసే పరికరాలకి రిఫరెన్స్ ఫ్రీక్వెన్సీ డీయూటీతో కలవనక్కర్లేదు, అది హాయి. కానీ ఒకే రిఫరెన్స్‌ని లోపల రెండుగా చీల్చి రెండు ఏడీసీలకి ఇస్తుంటే ఆ క్రాస్-కోరిలేషన్ చెరిపేది ఏడీసీల నాయిస్‌ని మాత్రమే, రిఫరెన్స్ నాయిస్ అలాగే ఉండిపోతుంది. అలాంటిదాంట్లో రిఫరెన్స్ డీయూటీ కంటే 10 డీబీ మెరుగ్గా ఉండి తీరాలి, వేరే దారి లేదు. మాన్యువల్లో ‘క్రాస్-కోరిలేషన్’ అన్న పదం చూసి ఆగకండి, బ్లాక్ డయాగ్రమ్ చూసి రిఫరెన్స్ నుంచి వచ్చే తీగ ఎక్కడ రెండుగా చీలుతుందో వేలు పెట్టి వెతకండి. రోడె అండ్ ష్వార్జ్ ఎఫ్‌ఎస్‌డబ్ల్యూపీ లాంటి ఫేజ్ నాయిస్ ఎనలైజర్లలో ట్రేస్ కింద బూడిదరంగు ప్రాంతంగా అప్పటివరకు చేసిన యావరేజ్‌లతో ఎంత కిందిదాకా చూడగలమో చూపిస్తారు, ట్రేస్ ఆ బూడిదరంగుని ఆనుకుని ఉంటే మీరు చూస్తున్నది డీయూటీ కాదు. మంచి సదుపాయమే, కానీ రెండు రిఫరెన్సులకీ ఉమ్మడిగా ఉన్న నాయిస్‌ని అది కూడా పట్టుకోలేదు.

రెండూ ఒకే స్థాయివి కొనాలా? అవసరం లేదు, డబ్బు తక్కువ ఉన్నవాళ్లకి ఇది మంచి వార్త. యావరేజ్ అయ్యే నాయిస్ రెండు రిఫరెన్సుల డీబీ అంకెల సగటు దగ్గర మొదలవుతుంది. ఒకటి −120, ఇంకోటి −100 అయితే రెండూ −110 ఉన్నట్టే లెక్క. చేతిలో రెండు మామూలువి ఉంటే ఒకదాన్ని 10 డీబీ మంచిదాంతో మార్చినా 5 డీబీ లాభం, పదిరెట్లు టైమ్ మిగులు. ముందు ఒక్క మంచిది కొనండి, రెండోదానికి ఉన్నదాంతోనే నెట్టుకురండి, జీతం పెరిగాక చూద్దాం. పైగా రెండూ వేర్వేరు తయారీదార్లవి, వేర్వేరు డిజైన్లవి అయితే ఇంకో మేలుంది: స్పర్‌లు (గ్రాఫ్‌లో నిలువుగా లేచే అక్కర్లేని టోన్లు) ఒకే చోట పడవు. సింథసైజర్లని (కోరిన ఫ్రీక్వెన్సీని పుట్టించే పరికరాలని) రిఫరెన్సులుగా వాడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, ఒకే మోడల్ రెండు తెచ్చి ఒకే ఫ్రీక్వెన్సీ పెడితే ఒకే చోట స్పర్‌లు మొలుస్తాయి, అవి డీయూటీవో వాటివో తేల్చుకోలేక జుట్టు పీక్కోవాలి.

ఇప్పుడు కూడబలుక్కునే సాక్షుల సంగతి. ఇద్దరూ ఎక్కడ కలుస్తారు? కరెంటు దగ్గర, బల్ల మీద, గాల్లో.

కరెంటుకి నా సలహా ఒక్కటే, ఒక్కో రిఫరెన్స్‌కి ఒక్కో బ్యాటరీ. ఒకే బెంచ్ సప్లైలో రెండు చానెళ్లు వాడటం వేరు చెయ్యడం కాదు, లోపల ట్రాన్స్‌ఫార్మర్ తరచూ ఒకటే. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలు ఏ కరెంటు సామాన్ల షాపులోనైనా దొరుకుతాయి. 12 వోల్టుల ఆసిలేటర్‌కి 12 వోల్టుల బ్యాటరీని నేరుగా తగిలించకండి, అది నిండుగా ఉన్నప్పుడు 13 దాటుతుంది, దిగాక 12 కింద పడుతుంది, ఓవెన్ ఆ ఊపుని ఊరికే పోనివ్వదు. రెండు బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి 24 వోల్టులు చేసుకుని, మామూలు రెగ్యులేటర్‌తో 15కి దించి, ఆ తర్వాత తక్కువ నాయిస్ రెగ్యులేటర్‌తో 12కి దించండి. తక్కువ నాయిస్ రెగ్యులేటర్లు చాలావరకు 24 వోల్టులు ఇన్‌పుట్‌గా తట్టుకోలేవు, అందుకే ఈ రెండు మెట్లు. వేడెక్కేటప్పుడు ఓవెన్ 5 వాట్లకి పైగా లాగుతుంది కాబట్టి ఆ సమయంలో మెయిన్స్ సప్లై మీద నడిపించి, స్థిరపడ్డాక బ్యాటరీకి మార్చండి. మార్చేటప్పుడు పవర్ ఒక్క క్షణం కూడా పోకుండా డయోడ్లు పెట్టుకోండి, పోతే మళ్లీ మొదటికొస్తుంది.

బల్ల సంగతి ఇంకా ఘోరం. క్వార్ట్జ్‌ని కదిలిస్తే ఫ్రీక్వెన్సీ కదులుతుంది, సాధారణంగా ఒక జీకి (భూమి గురుత్వ త్వరణమంత కుదుపుకి) వంద కోట్లలో ఒక వంతు. సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుందనుకోండి, అది 5 హెర్ట్జ్, మూడు రెక్కలు కాబట్టి 15 హెర్ట్జ్ కూడా. బల్ల మీద 15 హెర్ట్జ్ దగ్గర వెయ్యో వంతు జీ చేరితే 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్లో −130 దగ్గర ఒక గీత లేస్తుంది, 100 మెగాహెర్ట్జ్‌లో −110 దగ్గర. రెండు రిఫరెన్సులూ ఒకే బల్ల మీద ఉన్నాయి కాబట్టి ఎన్ని యావరేజ్‌లు చేసినా ఆ గీత పోదు. మే నెలలో ఫ్యాన్ ఆపి ల్యాబ్‌లో కూర్చోమని చెప్పడం పాపమే, కానీ మీరు బయటికెళ్లి కూర్చోవచ్చు, కొలతని లోపల వదిలెయ్యండి. లిఫ్ట్ పక్క గది, రోడ్డు వైపు గోడ వద్దు. మందపాటి గ్రానైట్ పలక కింద స్పాంజ్ పెట్టి దాని మీద ఆసిలేటర్ పెడితే చవకలో చాలా మేలు జరుగుతుంది, ఒక్కో రిఫరెన్స్‌కి ఒక్కో పలక, అది కూడా వేర్వేరు సైజువి. కొనేటప్పుడే తక్కువ జీ-సెన్సిటివిటీ ఉన్న రకం అడగొచ్చు, దానికి పదో వంతు దాకా తగ్గినవీ ఉన్నాయి, ధర మాత్రం తగ్గదు.

ఉమ్మడి కదలిక ఎప్పుడూ నాయిస్‌ని పెంచే చూపిస్తుందని అనుకోకండి. మిక్సర్ చూసేది తేడాని. డీయూటీ, రెండు రిఫరెన్సులూ మూడూ ఒకే మోడల్, ఒకే పలక మీద, ఒకే దిక్కున ఉంటే మూడూ కలిసి ఊగుతాయి, తేడా కనిపించదు, డీయూటీ నిజానికి ఉన్నదానికంటే మంచిదిగా తేలుతుంది. ఉష్ణోగ్రత విషయంలోనూ అంతే. గ్రాఫ్ అనుకున్నదానికంటే బాగా వస్తే సంబరపడే ముందు ఒక రిఫరెన్స్‌ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలవండి, 100 హెర్ట్జ్ లోపల ఏదైనా మారితే మీరు చూస్తున్నది భవనాన్ని, ఆసిలేటర్‌ని కాదు. ఏసీ గాలి నేరుగా తగలకుండా అట్టపెట్టె బోర్లించినా చాలు.

ఒక రిఫరెన్స్ సిగ్నల్ మిక్సర్ గుండా, స్ప్లిటర్ గుండా లీకై ఇంకో రిఫరెన్స్‌లోకి వెళ్లి దాన్ని తనవైపు లాక్కుంటుందన్న భయం కూడా ఉంటుంది. లెక్క వేస్తే ఓసీఎక్స్‌ఓలకి ఇది చిన్న భయమే. మిక్సర్ 40 డీబీ, స్ప్లిటర్ 25, రెండో మిక్సర్ 40, మొత్తం 105 డీబీ ఆపుతుందనుకుంటే, పది లక్షల క్యూ (ఆసిలేటర్ తన ఫ్రీక్వెన్సీని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) ఉన్న 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌లో అది లాగగలిగే వెడల్పు హెర్ట్జ్‌లో లక్షో వంతుల్లో ఉంటుంది. కానీ రిఫరెన్స్ క్యూ 20 ఉన్న 100 మెగాహెర్ట్జ్ వీసీఓ (వోల్టేజ్‌తో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) అయితే అదే లీకేజీకి 14 హెర్ట్జ్ దాకా లాగుడు వస్తుంది. క్యూ తక్కువైతే ఒక్కో రిఫరెన్స్ తర్వాత ఐసొలేషన్ యాంప్లిఫయర్ పెట్టండి. దాని నాయిస్ గురించి బెంగ వద్దు, అది ఒకే చానెల్లో ఉంటుంది, అరిగిపోతుంది. అదే యాంప్లిఫయర్‌ని స్ప్లిటర్‌కి ముందు, డీయూటీ తర్వాత పెడితే దాని నాయిస్ మొత్తం డీయూటీ ఖాతాలో పడుతుంది. స్ప్లిటర్‌కి ముందు ఉన్నదంతా డీయూటీయే, తర్వాత ఉన్నది కడుక్కుపోతుంది, ఏ భాగం ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి నేను వాడే కొలబద్ద ఇదే.

ఆ స్ప్లిటర్ కూడా అమాయకురాలు కాదు. దాని రెసిస్టర్ థర్మల్ నాయిస్ రెండు పాయల్లోకీ వ్యతిరేక దిశల్లో వెళ్తుంది, అంటే క్రాస్-స్పెక్ట్రమ్‌లో మైనస్ గుర్తుతో చేరి డీయూటీ థర్మల్ నాయిస్‌ని తినేస్తుంది. 2014లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ పరిశోధకులు ఇలాంటి ప్రభావాన్ని క్రాస్-స్పెక్ట్రమ్ కుప్పకూలడంగా వివరించారు. గది ఉష్ణోగ్రత దగ్గర +10 డీబీఎమ్ (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే పవర్) సిగ్నల్‌కి ఫేజ్ థర్మల్ హద్దు −187. మీ డీయూటీ ఫ్లోర్ −175 అయితే తప్పు 0.3 డీబీ లోపే, పట్టించుకోవద్దు. −184 అంటున్న 100 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ అయితే 3 డీబీ తక్కువ చూపిస్తుంది. దీనికి రిఫరెన్స్ మార్చినా ప్రయోజనం లేదు. కాకపోతే గుర్తుపట్టడం తేలికే: మ్యాగ్నిట్యూడ్ మాత్రమే కాకుండా క్రాస్-స్పెక్ట్రమ్ రియల్ భాగాన్ని కూడా చూడండి. అది సున్నా దాటి నెగెటివ్‌లోకి వెళ్తుంటే మ్యాగ్నిట్యూడ్ గ్రాఫ్‌లో అదే చోట లోతైన గుంట కనిపిస్తుంది. గుంట అంటే నాయిస్ లేదని కాదు.

రుబిడియం (ఒక రకం అణు గడియారం), జీపీఎస్ డిసిప్లిన్డ్ ఆసిలేటర్ (శాటిలైట్ సిగ్నల్‌తో సరిచేసుకునేది) వాడొచ్చా అని అడిగేవాళ్లకి: వద్దు. అవి రోజులు, వారాల నిలకడకి పుట్టినవి. సర్‌ప్లస్ రుబిడియంలో 10 హెర్ట్జ్ దగ్గర మీరు చూసేది లోపలున్న మామూలు క్రిస్టల్‌ని, కొన్నిట్లో డీడీఎస్ (అంకెలతో ఫ్రీక్వెన్సీ పుట్టించే చిప్) స్పర్‌లు అదనపు బహుమతి. రెండు జీపీఎస్ ఆసిలేటర్లు వాడితే రెండూ వినేది ఆకాశంలో ఉన్న అవే శాటిలైట్లని, అదీ ఒక కూడబలుక్కోవడమే.

సెకండ్ హ్యాండ్ ఓసీఎక్స్‌ఓలు కొనడానికి నాకు అభ్యంతరం లేదు, సగం నా ల్యాబ్ అవే. కానీ వచ్చిన రోజే కొలిచి తీర్పు చెప్పకండి. ఏళ్లతరబడి డబ్బాలో పడున్న క్రిస్టల్ వేడెక్కి కుదురుకోవడానికి కనీసం ఒక వారం ఆపకుండా నడపాలి, నెల అయితే మేలు. ఆ వారంలో ఫ్రీక్వెన్సీని లాగ్ చేస్తూ ఉండండి, నెమ్మదిగా ఒకే వైపు జారుతుంటే పర్లేదు, ఉన్నట్టుండి మెట్టు దిగినట్టు గెంతుతుంటే దాన్ని రిఫరెన్స్‌గా పెట్టుకోవద్దు. ఒక్క గెంతు వంద యావరేజ్‌ల కష్టాన్ని పాడుచేస్తుంది, 1 హెర్ట్జ్ దగ్గర ఆ కష్టం విలువ 17 నిమిషాలు. అవుట్‌పుట్ లెవెల్ కూడా చూసుకోండి, మామూలు డబుల్ బ్యాలెన్స్‌డ్ మిక్సర్‌కి +7 డీబీఎమ్ కావాలి, మధ్యలో కేబుల్, అటెన్యుయేటర్ తినేదానికి ఇంకొంచెం.

ఇక చివరి ఖర్చు. వీలైతే రెండు కాదు, మూడు కొనండి. ఏ, బీ, సీ అనుకుందాం. ఏ, బీలు రిఫరెన్సులుగా సీని కొలవండి, బీ, సీలతో ఏని, సీ, ఏలతో బీని. మూడు రాత్రుల పని. అందులో బాగా తేలిన రెండూ మీ రిఫరెన్సులు, మూడోది అలమరలో కాదు, పవర్‌లోనే ఉండాలి, ఎందుకంటే ఏదైనా కొలత మీద అనుమానం వచ్చిన రోజున ఒక రిఫరెన్స్ తీసి దాన్ని పెట్టి మళ్లీ కొలుస్తారు. ట్రేస్ కదలకపోతే అది డీయూటీదే. యావరేజ్‌లు పదిరెట్లు చేసినప్పుడల్లా 5 డీబీ దిగుతూ ఉంటే ఇంకా రిఫరెన్స్ నాయిస్‌నే చూస్తున్నారు, ఆపొద్దు. దిగడం ఆగిపోయి, రిఫరెన్స్ మారిస్తే మాత్రం ట్రేస్ మారుతోందంటే ఉమ్మడిది ఏదో ఉంది, అప్పుడు బ్యాటరీలు, పలకలు, కేబుళ్లు ఒక్కొక్కటే మారుస్తూ వెళ్లండి. అన్నీ ఒకేసారి మాత్రం మార్చకండి, నేను ఒకసారి అలా చేసి ఏది దోషో ఇప్పటికీ తెలుసుకోలేకపోయాను.